కరెంటు దేనికి మేడమ్?

ఫస్ట్ సెమిస్టర్ ఇంటర్నల్ పేపర్లు దిద్దుతుంటే ఒక జవాబు దగ్గర పెన్ను ఆగిపోయింది. కేంద్రకం చేసే పనులు రాయమని ప్రశ్న. ఆ అమ్మాయి ఇంగ్లీషులో రాసినదానికి తెలుగు చేస్తే ఇదీ: "కేంద్రకం కణానికి సెక్రటేరియట్. జీవోలన్నీ ఇక్కడి నుంచే వస్తాయి." కింద ఇంకేమీ లేదు. డీఎన్ఏ లేదు, ఆర్ఎన్ఏ లేదు, జీవోలు మాత్రం ఉన్నాయి. స్టాఫ్ రూములో అందరికీ చదివి వినిపించి నవ్వించాను గానీ సాయంత్రం బస్సెక్కేసరికి ఆ నవ్వు కాస్తా దిగిపోయింది, ఎందుకంటే ఆ ముక్క క్లాసులో చెప్పింది నేనే. ఆ పిల్ల శ్రద్ధగా విని రాసింది, పాపం.

కణాన్ని ఊరితో పోల్చడం ఈ సబ్జెక్టు చెప్పేవాళ్లలో చాలామందికి ఉన్న అలవాటే. మేం చదువుకునే రోజుల్లో ఫ్యాక్టరీ అనేవాళ్లు, ఇప్పుడు సిటీ అంటున్నారు. నేను దానికి మన హంగులు కూడా చేర్చాను. కేంద్రకం సెక్రటేరియట్, కణత్వచం ఔటర్ రింగ్ రోడ్డు టోల్ గేటు, గాల్జి సంక్లిష్టం ఆర్టీసీ కార్గో కౌంటరు, లైసోజోములు జీహెచ్ఎంసీ చెత్త బండి. మైటోకాండ్రియా సంగతి చెప్పనక్కర్లేదు, "పవర్ హౌస్" అని పిల్లలే కోరస్‌గా అరుస్తారు. క్లాసు సరదాగా సాగేది, వెనక బెంచీ కూడా నవ్వేది, నేను బ్రహ్మాండంగా చెప్తున్నాననే భ్రమలో చాలా ఏళ్లు ఉండిపోయాను. తీరా చూస్తే వాళ్లకు గుర్తుండిపోయింది హైదరాబాద్. కణం ఎటు పోయిందో తెలీదు.

నేను చెప్పేది బీఎస్సీ నర్సింగ్ మొదటి సంవత్సరానికి, ఇక్కడే సిటీలో. క్లాసులో అరవై మంది. నల్గొండ, నాగర్‌కర్నూల్, వికారాబాద్, ఆదిలాబాద్ వైపు నుంచి వచ్చినవాళ్లు సగానికి పైనే, పాతబస్తీ నుంచి ఏడెనిమిది మంది. చాలామంది పదో తరగతి దాకా తెలుగు మీడియమో ఉర్దూ మీడియమో చదివి, ఇంటర్ బైపీసీ ఇంగ్లీషులో ఎలాగో గట్టెక్కి వచ్చినవాళ్లు. కణం వాళ్లకు కొత్త పాఠం కాదు, హైస్కూల్ నుంచీ చదువుతూనే ఉన్నారు, బొమ్మ కళ్లు మూసుకుని వేస్తారు. చిక్కంతా అక్కడే ఉంది. తెలియని పాఠం చెప్పడం సులువు, తెలుసనుకుంటున్న పాఠం చెప్పడమే కష్టం.

నన్ను కదిపింది ఆ సెక్రటేరియట్ జవాబు ఒక్కటే కాదు. తర్వాతి బ్యాచ్‌లో, మళ్లీ పవర్ హౌస్ కోరస్ అయ్యాక, నాగర్‌కర్నూల్ వైపు అమ్మాయి ఒకతె లేచి నిలబడింది. వాళ్ల నాన్నది నాలుగెకరాల చేను, ఒక బోరు. "మేడమ్, మైటోకాండ్రియాల కరెంటు తయారైతది అన్నరు గదా. గా కరెంటు దేనికి మేడమ్?" అంది. "కణంలో జరిగే అన్ని పనులకూ అమ్మా" అన్నాను. సరే మేడమ్ అని కూర్చుంది. ఆ "సరే"లో జవాబు రాలేదని ఆమెకు తెలుసు, ఇవ్వలేదని నాకూ తెలుసు. అన్ని పనులూ అంటే ఏ పనులు? కరెంటు ఎక్కడ తయారవుతుందో పన్నెండేళ్లుగా చెప్తున్నాను, ఏ మోటారుకు వాడతారో ఒక్కనాడూ కూర్చుని చెప్పలేదు.

ఇంటికెళ్లి పుస్తకాలు తిరగేస్తే ఒక తమాషా కనిపించింది. మైటోకాండ్రియాకి "పవర్ హౌస్ ఆఫ్ ది సెల్" అనే పేరు ఊరూరా పాకింది 1957లో ఫిలిప్ సీకెవిట్జ్ రాసిన వ్యాసంతో. సరిగ్గా అదే 1957లో డెన్మార్క్‌లో యెన్స్ స్కౌ అనే ఆయన పీత కాళ్ల నరాల మీద పనిచేసి, ఆ కరెంటులో పెద్ద వాటా ఎక్కడ ఖర్చవుతోందో చూపించే పేపర్ వేశాడు: సోడియం పొటాషియం పంపు. దానికి నోబెల్ రావడానికి నలభై ఏళ్లు పట్టింది, 1997లో వచ్చింది. పవర్ హౌస్ అనే మాట మాత్రం పదో తరగతి పిల్లాడి నోట కూడా ఉంది. పంపు గురించి అడగండి, "సిలబస్‌లో ఉందా మేడమ్?" అంటారు.

మర్నాడు ఆ అమ్మాయి ప్రశ్నతోనే క్లాసు మొదలుపెట్టాను. కణం ఒక ఓటి పడవ. బయట సోడియం లీటరుకు 140 మిల్లీ ఈక్వివలెంట్ల దాకా ఉంటే లోపల పది పన్నెండే ఉంటుంది కాబట్టి బయటిది లోపలికి కారుతూనే ఉంటుంది. పొటాషియం తిరగేసి, లోపల 140, బయట నాలుగు, అది బయటికి కారుతూ ఉంటుంది. ఈ తేడా అలా నిలబడి ఉండాలంటే కారినదాన్ని కారినట్టు తోడిపోస్తూనే ఉండాలి. ఒక్క ఏటీపీ (మనం ఇందాక కరెంటు అన్నది ఈ అణువులోని శక్తినే) ఖర్చు పెట్టి పంపు మూడు సోడియాలను బయటికి తోస్తుంది, రెండు పొటాషియాలను లోపలికి లాగుతుంది. రాత్రీ పగలూ, మనం నిద్రపోతున్నా సరే. మనం ఊరికే కూర్చున్నప్పుడు ఖర్చయ్యే శక్తిలో అయిదో వంతు పైనే ఈ ఒక్క పంపు తినేస్తుందని అంచనా, మెదడులో అయితే ఇంకా ఎక్కువ. "అంటే మా బాయికాడ మోటరు లెక్కనే" అంది ఆ పిల్ల. మోటారు ఆగితే? సోడియం లోపల పేరుకుంటుంది, దాని వెంట నీళ్లు వస్తాయి, కణం ఉబ్బుతుంది. ఊపిరాడని మెదడు ఎందుకు వాస్తుందో, దాంట్లో సగం కథ ఇదే.

అక్కడి నుంచి బ్లడ్ బ్యాంకు రెండడుగులు. ఎర్ర రక్తకణంలో మైటోకాండ్రియా ఉండదు. ఈ మాట చెప్పగానే క్లాసు మొత్తం నా వైపు అనుమానంగా చూస్తుంది, పవర్ హౌస్ లేకుండా కణం ఎలా బతుకుతుందని. గ్లూకోజును ఆక్సిజన్ లేకుండానే విడగొట్టి వచ్చే కాస్త ఏటీపీతో బతుకుతుంది, దాదాపు 120 రోజులు. (ఇన్వర్టర్ మీద అని నోటి దాకా వచ్చింది, పోలికలు మానేస్తానని ఒట్టు పెట్టుకున్నాను కాబట్టి మింగేశాను.) ఇప్పుడు రక్తం సంచి మీద సీపీడీఏ అని, అంటే రక్తం నిల్వ ఉండేందుకు కలిపే ద్రవం పేరు, రాసి ఉంటుంది కదా, దాంట్లో డీ అంటే డెక్స్‌ట్రోజ్, ఏ అంటే అడెనిన్. ఆ డెక్స్‌ట్రోజ్ ఎవరి కోసం? పేషెంటు కోసమని అరవైలో యాభై మంది అంటారు. అది సంచిలో ఉన్న కణాల కోసం, వాటి తిండి. అడెనిన్ కూడా వాటి ఏటీపీ తగ్గిపోకుండానే. ఫ్రిజ్‌లో చల్లగా ఉంచుతాం కాబట్టి పంపు నెమ్మదిస్తుంది, పొటాషియం బయటికి కారుతుంది. అందుకే సంచి పాతబడేకొద్దీ అందులోని ప్లాస్మాలో పొటాషియం పెరుగుతుంది, పసిపిల్లలకూ కిడ్నీ పేషెంట్లకూ తాజా రక్తం కావాలని డాక్టర్లు అడగడానికి కారణాల్లో అదొకటి. ఇదంతా చెప్పేసరికి "కరెంటు దేనికి" అన్న ప్రశ్న బెడ్ పక్కన ఉన్న స్టాండు దాకా వచ్చేసింది.

ఏటీపీ చెప్పేటప్పుడు సుబ్బారావు గారిని తప్పకుండా తెస్తాను. 1929లో హార్వర్డ్‌లో సైరస్ ఫిస్క్‌తో కలిసి కండరంలో ఏటీపీని పట్టుకున్న యల్లాప్రగడ సుబ్బారావు, భీమవరంలో పుట్టినాయన. అదే ఏడు జర్మనీలో కార్ల్ లోమన్ విడిగా అదే కనిపెట్టాడు. దానికి రెండేళ్ల ముందు, కండరంలో శక్తిని దాచి ఉంచే ఫాస్ఫోక్రియాటిన్ కూడా ఫిస్క్, సుబ్బారావు గార్లదే. మైటోకాండ్రియా పవర్ హౌస్ అని అరిచిన అరవై మందిలో ఈ పేరు విన్నవాళ్లు ఏ ఏడూ ఇద్దరు ముగ్గురు మించరు. బోదకాలు రాకుండా ఆశా కార్యకర్తలు ఇంటింటికీ తిరిగి మింగించే డీఈసీ మాత్ర కూడా ఆయన నడిపిన పరిశోధన నుంచి వచ్చిందేనంటే మాత్రం పిల్లలు లేచి కూర్చుంటారు, ఆ మాత్ర అందరూ మింగినవాళ్లే కదా.

సరే, ద్రవాభిసరణం, అంటే త్వచం గుండా నీళ్లు ఒక వైపు నుంచి ఇంకో వైపు పోవడం. ఆస్మాసిస్ అంటే ఏంటమ్మా అని అడిగితే నిర్వచనం గుక్క తిప్పుకోకుండా చెప్తారు, అర్ధపారగమ్య త్వచంతో సహా. నీళ్లు ఎటు పోతాయో చెప్పమంటే మాత్రం సగం మంది తప్పు వైపు చూపిస్తారు. నేను మాగాయ ఉదాహరణ చెప్పేదాన్ని. మామిడి ముక్కలకు ఉప్పూ పసుపూ పట్టించి జాడీలో పెడితే మూడో రోజుకు ముక్క మునిగేంత ఊట వస్తుంది. ఒక్క చుక్క నీళ్లు పోయలేదు, ఆ ఊట ఎక్కడిది? ముక్కలోదే. ఉదాహరణ బంగారమే గానీ మా సెమిస్టర్ మొదలయ్యే నాటికి మామిడికాయ దొరకదు. అందుకని ఇప్పుడు కీర దోసకాయ తీసుకెళ్తున్నాను. క్లాసులోనే చక్రాలుగా కోసి, వంటింటి కాటా మీద తూచి, రెండు స్పూన్ల ఉప్పు చల్లి, స్టీలు పళ్లెంలో పెట్టేస్తాను. పావుగంటకే పళ్లెంలో నీళ్లు తేలుతాయి. క్లాసు అయ్యేసరికి ముక్క మెత్తబడి, వేలికి చుట్టుకునేలా వంగుతుంది. బట్టతో అద్ది మళ్లీ తూస్తే బరువు తగ్గి ఉంటుంది, ఆ తగ్గిన అంకె పిల్లలే బోర్డు మీద రాస్తారు. బిర్యానీతో ఇచ్చే రైతా కాసేపటికి ఎందుకు నీళ్లయిపోతుందో అప్పుడు ఎవరో ఒకరు తప్పకుండా చెప్తారు.

దాని వెంటనే ఇంకో పళ్లెం. ఆ వంగిపోయిన ముక్కనే మంచినీళ్లలో వేస్తే కాసేపటికి కాస్త బిగుస్తుంది, పగలదు. ఎందుకంటే మొక్క కణానికి బయట గోడ ఉంది. మన కణానికి ఆ గోడ లేదు. ఇది చెప్పకుండా వదిలేస్తే కీర ప్రయోగం ఉపకారం కంటే అపకారం ఎక్కువ చేస్తుంది.

గోడ లేకపోతే ఏమవుతుందో చూపించడానికి మూడు టెస్ట్ ట్యూబులు. ఒకదాంట్లో డిస్టిల్డ్ వాటర్, ఒకదాంట్లో 0.9 శాతం సెలైన్, అంటే వార్డులో ఎన్ఎస్ (నార్మల్ సెలైన్) అని పిలిచేదే, మూడోదాంట్లో 3 శాతం. నా వేలు నేనే లాన్సెట్‌తో గుచ్చుకుని ఒక్కోదాంట్లో రెండేసి చుక్కలు వేస్తాను. వెనక ఈనాడు పేపర్ ముక్క పట్టుకోమంటాను. ఎన్ఎస్ ట్యూబు మసకగా ఉంటుంది, అక్షరాలు కనిపించవు. డిస్టిల్డ్ వాటర్ ట్యూబు చూస్తుండగానే దానిమ్మ రసంలా తేటపడి, వెనక హెడ్డింగ్ చదవడానికి వస్తుంది. కణాలు పగిలిపోయాయి, కాంతిని అడ్డుకోవడానికి ఇక ఏమీ లేదు. 3 శాతం ట్యూబు మామూలు కంటికి ఎన్ఎస్ లాగే కనిపిస్తుంది, తేడా తెలియాలంటే ఒక చుక్క మైక్రోస్కోపు కింద పెట్టాలి. అప్పుడు కణాలు ముడుచుకుపోయి, అంచులంతా ముళ్లు లేచి, అచ్చం పల్లేరుకాయల్లా ఉంటాయి.

ఈ ప్రయోగం మొదటిసారి చేసినప్పుడు నా పరువు పోయింది. మూడు ట్యూబులూ మసకగానే ఉన్నాయి. అయిదు నిమిషాలు చూశాం, పది నిమిషాలు చూశాం, డిస్టిల్డ్ వాటర్ ట్యూబు తేటపడదే! నాకు చెమటలు. "రక్తం తక్కువైందేమో" అని ఇంకో వేలు గుచ్చుకున్నాను, అయినా అంతే. ముందు బెంచీలో ఒకమ్మాయి మెల్లగా, "మేడమ్, అవి నీళ్లు కాదేమో" అంది. సీసా మూత తీసి, వేలితో ఒక చుక్క నాలుక మీద వేసుకున్నాను (ల్యాబ్‌లో ఎవరూ చేయకూడని పని, చేశాను). ఉప్పగా ఉంది. ముందు రోజు మిగిలిన సెలైన్‌ను ఖాళీ డిస్టిల్డ్ వాటర్ సీసాలో పోసి పెట్టిన మహాతల్లి ఎవరో కాదు, నేనే. లేబుల్ మార్చలేదు. కణం పగల్లేదు కాబట్టి అది నీళ్లు కాదని ఆ పిల్ల తర్కించుకున్న తీరు చూశాక, ఆ రోజు అనుకున్న పాఠం కంటే ఎక్కువే జరిగిందనిపించింది. ఇప్పుడు ఏటా ఆ కథ చెప్తాను, స్టెరైల్ వాటర్ సీసానూ ఎన్ఎస్ సీసానూ పక్కపక్కన పెట్టి దూరం నుంచి తేడా చెప్పమంటాను. చెప్పలేరు. స్టెరైల్ వాటర్ నేరుగా నరంలోకి ఎక్కితే ఏమవుతుందో మొదటి ట్యూబు చూసినవాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

అదే ట్యూబు ఇంకో చోట కూడా పనికొస్తుంది. సన్నటి సూదితో, సిరంజి పిస్టన్ గట్టిగా లాగి రక్తం తీసినా, తీసిన ట్యూబును డబ్బాలో గోళీల్లా ఊపినా కణాలు పగులుతాయి. లోపలి పొటాషియం సీరంలోకి వచ్చేస్తుంది. ల్యాబ్ వాళ్లు "హీమోలైజ్డ్ (కణాలు పగిలాయి), మళ్లీ పంపండి" అంటారు, అది గమనించకుండా రిపోర్టు బయటికి వస్తే పొటాషియం ఆరో ఏడో అని ఉంటుంది, పేషెంటు మాత్రం హాయిగా కూర్చుని ఇడ్లీ తింటూ ఉంటాడు. లోపల 140, బయట నాలుగు అన్న అంకెలు బట్టీ పట్టిన పిల్లకు ఇది అర్థం కాదు. పంపు తెలిసిన పిల్లకు ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. పొటాషియం క్లోరైడ్ ఇంజెక్షన్ పలచన చేయకుండా నేరుగా ఎందుకు ఇవ్వకూడదో కూడా ఇక్కడే చెప్తాను, ఆ రోజు క్లాసులో ఎవరూ నవ్వరు.

మైక్రోస్కోపు రోజు గురించి కూడా చెప్పాలి. బుగ్గ లోపల ఇయర్ బడ్‌తో గీకి, స్లైడ్ మీద రుద్ది, మిథిలీన్ బ్లూ ఒక చుక్క. పిల్లలు కన్ను పెట్టి చూసి, తల ఎత్తి, "మేడమ్, మైటోకాండ్రియా ఏది?" అంటారు. ప్రతి ఏడూ. లేత నీలం గుడ్డ పేలికలాంటిది, మధ్యలో ముదురు నీలం చుక్క, అంతే కనిపించేది. పుస్తకంలో బొమ్మ రంగురంగుల మిఠాయి పళ్లెంలా ఉంటుంది, ఇక్కడ ఇదేంటని మొహాలు వాడిపోతాయి. ఆ నిరాశను నేనిప్పుడు కావాలనే వాడుకుంటున్నాను. పుస్తకంలో ఉన్న కణం మీ ఒంట్లో ఎక్కడా లేదమ్మా, అది ఎలక్ట్రాన్ మైక్రోస్కోపులో వేర్వేరు కణాల్లో చూసినవన్నీ ఒక చోట చేర్చి గీసిన బొమ్మ అంటాను. ఆ మాట నాకు ఎవరూ చెప్పలేదు, ఎంఎస్సీ దాకా నేనూ ఆ బొమ్మనే నమ్మాను.

సైజు సంగతి వచ్చినప్పుడు ఒట్టు తీసి గట్టున పెట్టి మళ్లీ హైదరాబాద్‌కే వస్తాను, తప్పదు. ఎర్ర కణం అడ్డంగా ఏడు ఎనిమిది మైక్రోమీటర్లు అంటే ఎవరికి ఏం తెలుస్తుంది? దాన్ని ఉస్మానియా బిస్కెట్ అంత చేశామనుకోండి, అదే లెక్కన అయిదడుగుల అమ్మాయి పన్నెండు కిలోమీటర్ల పొడవవుతుంది. జేబీఎస్ నుంచి ఎంజీబీఎస్ దాకా మెట్రో లైను మొత్తం 11 కిలోమీటర్లే, ఆమె పడుకుంటే కాళ్లు ఇంకా బయటికి వస్తాయి. ఆకారానికి మాత్రం బిస్కెట్ పనికిరాదు. గారె తట్టి, చిల్లు పడకుండా రెండు వైపులా వేలితో నొక్కి వదిలేస్తే వచ్చేదే ఎర్ర కణం.

భాష గురించి ఒక మాట. ఎండోప్లాస్మిక్ రెటిక్యులం దగ్గర పిల్లలు నత్తి పడతారు. తెలుగు మీడియం నుంచి వచ్చినవాళ్లు స్కూల్లో అంతర్జీవద్రవ్యజాలం అని చదివారు, ఆ పేరు చెప్పడానికి ఇప్పుడు సిగ్గుపడతారు. నేను దాన్ని బోర్డు మీద రాసి ముక్కలు చేస్తాను. అంతర్ అంటే లోపల, జీవద్రవ్యం తెలుసు, జాలం అంటే వల. జీవద్రవ్యంలో పరిచిన వల. ఇంగ్లీషు పేరులోనూ ఉన్నది అక్షరాలా అదే, రెటిక్యులం అంటే లాటిన్‌లో చిన్న వల. తెలుగు మీడియం వాళ్లు ముందు బెంచీ వాళ్లకు అర్థం చెప్పే రోజు ఏడాదిలో అదొక్కటే కావచ్చు, వాళ్ల ముఖాలు చూడాలి అప్పుడు. ఒకసారి పాతబస్తీ అమ్మాయి "మా దగ్గర కణాన్ని ఖలియా అంటారు మేడమ్, త్వచాన్ని ఝిల్లీ అంటారు" అంది. 1918లో పెట్టిన ఉస్మానియా యూనివర్సిటీలో మొదట్లో చదువు ఉర్దూలోనే సాగింది కాబట్టి ఈ మాటలు ఈ ఊరికి కొత్తేమీ కాదు. ఝిల్లీ అనే మాట నాకు త్వచం కంటే నచ్చింది, ఆ పలుచదనం మాటలోనే వినిపిస్తుంది. ఇప్పుడు బోర్డు మీద మూడూ రాస్తున్నాను.

ఇక నేను నిజంగా మార్చింది ఏంటంటే, కణం పాఠాన్ని మొదటి వారంలోనే మొత్తం ఒలకబోయడం మానేశాను. ఆ మొదటి క్లాసుల్లో త్వచం, పంపు, నీళ్లు ఎటు పోతాయి, ఇంతే. మిగతా భాగాలు వాటికి పని పడినప్పుడు వస్తాయి. శ్వాసకోశం చెప్పేటప్పుడు శైలికలు (కణాల మీద ఊగే సన్నటి వెంట్రుకల్లాంటివి), సిగరెట్ తాగేవాడికి పొద్దున్నే దగ్గు ఎందుకో అక్కడ. కాలేయం దగ్గర నున్నటి అంతర్జీవద్రవ్యజాలం, పారాసెటమాల్ మోతాదు మించితే కాలేయమే ఎందుకు దెబ్బతింటుందో అక్కడ. క్లోమం దగ్గర గరుకుదీ, గాల్జీ, ఇన్సులిన్ తయారయ్యే దారీ. కణ విభజనను ఎముక మజ్జ దాకా ఆపుతాను, అక్కడ విన్‌క్రిస్టిన్ వస్తుంది, మన ఇళ్ల ముందు పెరిగే బిళ్లగన్నేరు నుంచి తీసిన క్యాన్సర్ మందు. కణంలో సన్నటి గొట్టాల్లాంటి సూక్ష్మనాళికలు కట్టుకోకుండా అడ్డుపడి కణ విభజనను ఆపుతుంది. నరాల్లో సరుకు మోసేదీ ఆ నాళికల మీదే కాబట్టి కీమో పేషెంటుకు వేళ్లు తిమ్మిరెక్కుతాయి. ఆ మందు రక్తనాళంలోకి మాత్రమే ఇవ్వాలి, వెన్నులోకి పోతే ప్రాణం పోతుంది అని రెండుసార్లు చెప్తాను. దీనివల్ల పోర్షన్ వెనకబడుతుందని మా అనాటమీ కొలీగ్ గొడవ, ఆవిడ తన క్లాసులో కణం మొత్తం మళ్లీ విడిగా చెప్తుంది. ఇద్దరం చెరో బొమ్మ వేయించి రెండుసార్లు మార్కులు వేయడంలో అర్థం ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాలేదు. యానిమేషన్ వీడియోలు కూడా బాగా తగ్గించాను. అందంగా ఉంటాయి, కాదనను, కానీ వాటిలో ప్రతి అణువూ ఎటు పోవాలో తెలిసినట్టు నడుస్తుంది, అసలు అక్కడ ఉన్నది గుడ్డి తోపులాట.

చివరగా ఓఆర్ఎస్. ఇందులో చక్కెర ఎందుకమ్మా అంటే "శక్తి కోసం మేడమ్" అని అందరూ అంటారు, సీనియర్ నర్సులు కూడా. చిన్నపేగు కణంలో ఒక రవాణా ప్రోటీన్ ఉంది, అది గ్లూకోజును ఒంటరిగా లోపలికి రానివ్వదు, సోడియంతో కలిసి వస్తేనే తలుపు తీస్తుంది. సోడియం వస్తే వెంట నీళ్లు వస్తాయి. కలరాలో కూడా ఈ తలుపు పాడవదు. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల శిబిరం బన్‌గావ్‌లో దిలీప్ మహలనబిస్ సెలైన్ సీసాలు అయిపోతే ఉప్పూ గ్లూకోజూ కలిపిన నీళ్లు తాగించి జనాన్ని బతికించింది ఈ తలుపు మీదే. ఇప్పటి డబ్ల్యూహెచ్ఓ ప్యాకెట్ 20.5 గ్రాములు, లీటరు నీళ్లకు, గ్లూకోజూ సోడియమూ సమానంగా 75 మిల్లీమోల్స్ చొప్పున. లీటరు అంటే లీటరే. ఆ లోపలికి వచ్చిన సోడియాన్ని రక్తం వైపు తోడిపోసేది ఎవరు? మళ్లీ మన మోటారే.

ఈసారి ఇంటర్నల్స్‌లో కేంద్రకం విధులు అడగలేదు. ఒక తల్లి ప్యాకెట్ మొత్తం ఒక్క గ్లాసు నీళ్లలో కలిపి బిడ్డకు తాగించింది, ఏమవుతుందో పేగు కణం దగ్గర నుంచి చెప్పండి, అయిదు మార్కులు అని ఇచ్చాను. ఒకమ్మాయి రాసింది: "పేగు కీర ముక్క అవుతుంది." పక్కన కణం బొమ్మ వేసి, నీళ్లు లోపలి నుంచి బయటికి వస్తున్నట్టు బాణాలు గీసి, విరేచనాలు ఇంకా పెరుగుతాయి, రక్తంలో సోడియం పెరుగుతుంది అని రాసింది. నాలుగు వేశాను. మర్నాడు పేపర్ పట్టుకుని స్టాఫ్ రూముకు వచ్చేసింది, ఒక్క మార్కు ఎందుకు కోశారని. "కీరకు గోడ ఉంటుంది కదమ్మా, పేగుకు ఉండదు, ఆ పోలిక అక్కడ సరిపోదు" అన్నాను.

"గోడ సంగతి మంచినీళ్లలో వేసినప్పుడు కదా మేడమ్, ఉప్పులో వేస్తే రెండిట్లోంచీ నీళ్లు బయటికే కదా పోయేది" అంది.

పేపర్ తీసుకుని అయిదు చేశాను.